వీణ వాయించేవాళ్లకి ఈబీ-1ఏ గ్రీన్ కార్డు వస్తుందా? కన్సల్టెన్సీ వాళ్లు అవార్డు కూడా ఇప్పిస్తామంటున్నారు

కంటోన్మెంట్ వీణ:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. నా వయసు 43. ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలోనే వీణ డిప్లొమా చేశాను. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఈ సంగతి మీకు తెలియదని కాదు, ఈ మధ్య ఒకాయన ఫోన్‌లో అదే నా పెద్ద ప్లస్ పాయింటు అన్నాడు కాబట్టి ముందే చెబుతున్నాను.

తెల్లవారుజామున ఐదున్నరకి డాలస్ పిల్లలకి ఆన్‌లైన్‌లో పాఠం చెబుతాను. వాళ్లకి అప్పుడు రాత్రి ఏడు. చలికాలంలో వాళ్ల గడియారం మారుతుంది కాబట్టి నాకు ఇంకో గంట నిద్ర దక్కుతుంది. అందులో ఒక గుంట వాళ్లమ్మ చీపురుపల్లి ఆవిడ. ఆవిడే ఒకరోజు పాఠం అయ్యాక, "టీచర్ గారూ, మీలాంటి కళాకారులకి ఈబీ-1ఏ అని ఉంది, అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకి అమెరికా వాళ్లిచ్చే గ్రీన్ కార్డు. కంపెనీ అక్కర్లేదు, ఎవరూ స్పాన్సర్ చెయ్యక్కర్లేదు, మీకు మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు" అని ఒక కన్సల్టెన్సీ నంబరు ఇచ్చింది.

ఆ కన్సల్టెన్సీ ఆయన నలభై నిమిషాలు మాట్లాడాడు. పది అర్హతలు ఉంటాయట, మూడు చూపిస్తే చాలట, ఆయన నాకు ఐదు "తయారు చేస్తాడట". 14 లక్షలు, సగం ముందే. అందులో ఒక అంతర్జాతీయ అవార్డు (ఆ పేరు నేనెప్పుడూ వినలేదు), నా మీద ఇంటర్నెట్‌లో మూడు వ్యాసాలు, పెద్దల సిఫారసు ఉత్తరాలు. ఉత్తరాలు వాళ్లే రాస్తారట, సంతకాలు మాత్రం నేను పట్టుకురావాలట. అవార్డు తీసుకోడానికి నేను వెళ్లాలా, లేకపోతే షీల్డు కొరియర్లో వస్తుందా అని అడిగాను. "రెండూ ఉన్నాయి మేడమ్, ప్యాకేజీని బట్టి" అన్నాడు.

మా ఆయన సర్కారు బడిలో లెక్కల మాస్టారు. ఆ డబ్బుతో గొల్లపల్లి వెళ్లి మనమే వీణల దుకాణం పెట్టుకోవచ్చు కదా అన్నారు. నవ్వాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజంగా దారి ఉందేమో, నేనే తెలివితక్కువగా వదిలేస్తున్నానేమో అని ఒకటే టెన్షన్.

నా దగ్గర ఉన్నవి దాచకుండా చెబుతాను. ఆకాశవాణి విశాఖపట్నంలో బి-హై గ్రేడు. విజయనగరం ఉత్సవాల్లో ఆనంద గజపతి ఆడిటోరియంలో మూడుసార్లు వాయించాను. చెన్నైలో రెండు సభల్లో, బెంగళూరులో ఒకచోట. పిల్లల సంగీత పోటీలకి పదకొండేళ్లుగా న్యాయనిర్ణేతగా వెళ్తున్నాను, దానికి కాగితం మాత్రం నాలుగు సంవత్సరాలదే ఉంది. పేపర్లో నా మీద వచ్చినవి ఓ ఇరవై. అన్నీ మా అమ్మ ట్రంకు పెట్టెలో దాచింది. బొబ్బిలి ఏకాండి వీణల మీద, అంటే ఒకే పనస దుంగలోంచి కుండ, దండి, యాళి అన్నీ చెక్కే పద్ధతి మీద, ఒక సంగీత పత్రికలో పెద్ద వ్యాసం రాశాను. దానికోసం గొల్లపల్లిలో నెలరోజులు కూర్చున్నాను. నా మటుకు నాకు అదే అన్నిటికంటే గొప్ప పని. కన్సల్టెన్సీ ఆయన మాత్రం దాని గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

ఇంకో సంగతి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, 17 నిండాయి. మాతో తనకి కూడా వస్తుందా? వచ్చే వేసవికి డాలస్ వాళ్లు నన్ను రెండు నెలలకి రమ్మంటున్నారు, ఈ దరఖాస్తు వల్ల ఆ ప్రయాణానికేమైనా ఇబ్బందా? తెలిసినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

---

పాలకొండ టు పిస్కాటవే:

అక్కా, మాది పాలకొండ. నాకు ఈబీ-1ఏ రెండో ప్రయత్నంలో వచ్చింది. నాది వంతెనల కాంక్రీటు, మీది వీణ. కానీ చూసే ఆఫీసరు ఒక్కడే, రూలు ఒక్కటే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కన్సల్టెన్సీ ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది. స్పాన్సర్ అక్కర్లేదు, గ్రీన్ కార్డుకి మొదట వెయ్యాల్సిన ఐ-140 ఫారం మీకు మీరే వేసుకోవచ్చు, ఇండియాలో కూర్చునే వెయ్యొచ్చు. పదిలో మూడు అన్నది కూడా నిజమే. కానీ మూడు చూపిస్తే గుమ్మం దాటినట్టు, అంతే. 2010లో కజారియన్ అనే భౌతిక శాస్త్రవేత్త కేసులో అక్కడి అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత రెండు మెట్లుగా చూస్తున్నారు. మొదట మూడు అర్హతలు ఉన్నాయా అని లెక్క. తర్వాత అన్నీ కలిపి ముందు పెట్టుకుని, ఈ మనిషి తన రంగంలో శిఖరాన ఉన్న కొద్దిమందిలో ఒకరా, ఆ పేరు నిలబడి ఉందా అని తూకం. నా మొదటి కేసులో నాలుగు ఒప్పుకున్నారు. రెండో మెట్టు దగ్గర తన్నేశారు. ఒక్క వాక్యం ఇప్పటికీ గుర్తుంది, మీరు మంచి ఇంజినీరే గానీ అందరికంటే పైన ఉన్నట్టు చూపించలేదు అని. ఆ ఉత్తరం చదివాక రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇప్పుడు మీ విషయం. నొచ్చుకోకండి. ఆకాశవాణి బి-హై మీకు గర్వకారణం, నాకూ తెలుసు, మా పెదనాన్న నాదస్వరం బి గ్రేడు కోసమే మూడుసార్లు ఆడిషన్‌కి వెళ్లారు. కానీ ఆ కాగితం ఫైల్లో పెట్టగానే ఆఫీసరు గ్రేడులు ఎన్ని అని చూస్తాడు. మీ పైన ఏ గ్రేడు, దాని పైన టాప్ గ్రేడు. మీ సాక్ష్యమే మీ పైన రెండు మెట్లు ఉన్నాయని చెప్పేస్తుంది. లాయర్లు ఎంత పాలిష్ పెట్టినా అది దాగదు. ఏ గ్రేడు వచ్చాక అయితే కథ వేరు.

కాలేజీ సంగతి. గొప్ప సంస్థలో కీలక పాత్ర అనే అర్హత ఉంది, ఆయన దాన్నే ప్లస్ పాయింటు అని ఉంటాడు. సంస్థ గొప్పదే, కాదనేవాడు లేడు. మరి అందులో మీ పాత్ర ఏంటి? అక్కడ చదువుకోవడం పాత్ర కాదు కదా.

మీకు గట్టిగా ఉన్నది న్యాయనిర్ణేత పని. దానికి రమ్మన్న పిలుపు ఒక్కటే చాలదు, వెళ్లి నిజంగా మార్కులు వేసినట్టు నిర్వాహకుల నుంచి కాగితం కావాలి. మిగతా ఏడేళ్లకి ఇప్పుడే అడిగి రాయించుకోండి, వాళ్లు బతికుండగానే అని నా ఉద్దేశం. అయినా పిల్లల పోటీలు అంటే రెండో మెట్టులో తేలికైపోతాయి, పెద్దల స్థాయివి కూడా ఉంటే మంచిది. ఏకాండి వీణ వ్యాసం మంచి సాక్ష్యం, కానీ పత్రిక ఎలాంటిదో, ఆ వ్యాసాన్ని ఇంకెవరైనా వాడుకున్నారో చూపించాలి. ఎవరైనా పరిశోధక విద్యార్థి తన థీసిస్‌లో దాన్ని ఉదహరించి ఉంటే పట్టుకోండి. కొన్న వ్యాసాలు పది కంటే అది ఒక్కటి నయం.

పేపర్ కటింగ్‌లకి శీర్షిక, తేదీ, రాసినవారి పేరు ఉండాలని రూల్లోనే ఉంది. వార్త మీ గురించి ఉండాలి, ఫలానా గుళ్లో కచేరీ జరిగింది అన్న లిస్టులో మీ పేరు ఉంటే చాలదు. తెలుగులో ఉన్న ప్రతిదానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం, తనకి రెండు భాషలూ వచ్చని అనువాదకుడు సంతకం చేసిన ధ్రువీకరణ జతచెయ్యాలి. దానికి ప్రత్యేక లైసెన్సు అక్కర్లేదు, మీ ఊళ్లో ఇంగ్లీషు లెక్చరరు చేసినా చెల్లుతుంది. ఇంట్లోవాళ్లతో చేయించకపోవడం మంచిది.

ఇక ఆ కొరియర్ షీల్డు. దాని జోలికి పోకండి. ఇలా డబ్బుకి దొరికే అవార్డులు వాళ్లు చూడనివి కావు, ఎవరు ఎంపిక చేశారు, ఎంతమందిలోంచి, ఏ ప్రమాణంతో అని అడుగుతారు. తెలిసి తప్పుడు సాక్ష్యం పెట్టారని తేలితే ఈ ఒక్క దరఖాస్తు పోవడం కాదు, ఆ దేశంలో అడుగు పెట్టడానికే జీవితాంతం అనర్హత పడుతుంది. ఆ మచ్చ టూరిస్టు వీసా దగ్గర కూడా వెంటాడుతుంది. ఒకే చేతిరాతలో ఐదుగురు పెద్దమనుషులు రాసిన ఉత్తరాలు కూడా అలాంటివే. చదివేవాడికి రెండో పేజీకే తెలిసిపోతుంది.

ఖర్చు సంగతి మీ మాస్టారు గారి కోసం. 2024 ఏప్రిల్ నుంచి ఐ-140 ఫీజు 715 డాలర్లు, స్వయంగా వేసుకునేవాళ్లకి దాని మీద ఇంకో 300. త్వరగా తేల్చమంటే ప్రీమియం ఫీజు వేరే, అప్పుడు 15 పనిదినాల్లో ఏదో ఒకటి చెబుతారు. లాయరు ఖర్చు దాని పైన. ఆ 14 లక్షల్లో ప్రభుత్వానికి వెళ్లేది ఎంతో మీరే లెక్క కట్టుకోండి.

---

వంశధార గట్టు:

ఒకే ఒక్క కాగితంతో అయిపోయే దారి కూడా ఉందండోయ్. నోబెల్, ఒలింపిక్ పతకం లాంటిది ఒకటి ఉంటే మూడు అర్హతల లెక్కే అక్కర్లేదు. మా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది చూడండి, అలాంటిది. ఆవిడ ఇనుము ఎత్తింది, వీళ్లు షీల్డు ఎత్తమంటున్నారు.

14 లక్షలు ఇవ్వకండి అమ్మా. మా మేనల్లుడు ఇలాగే ఏదో ఫెలోషిప్పు కొన్నాడు. ఏటి చేస్తారు ఆ సంస్థలో అని అడిగితే, ఏటా డబ్బులు కడతాం మావయ్యా అన్నాడు.

---

బొబ్బిలి అడుగులు, చికాగో:

అక్కగారూ, నేను కూచిపూడి, పుట్టిల్లు బొబ్బిలి. కళాకారుల దారి ఇంజినీర్ల దారి ఒకటి కాదు, అందుకే రాస్తున్నాను. పాలకొండ తమ్ముడు చెప్పినదంతా సరైనదే.

పది అర్హతల్లో మనకి పనికొస్తాయి అనిపించేవి రెండు, అవే మోసం చేస్తాయి. కళాకృతుల ప్రదర్శన అని ఒకటి ఉంది. నా కచేరీలన్నీ అందులో వేశాను. అది బొమ్మలు, శిల్పాల్లాంటి వాటి కోసం, రంగస్థలం మీద ఆడటం నీ వృత్తే కదా అన్నారు. రెండోది, ప్రదర్శన కళల్లో వాణిజ్య విజయం, అంటే టిక్కెట్ల వసూళ్లు, రికార్డుల అమ్మకాలు. మన దగ్గర గుళ్లో వీణ కచేరీకి టిక్కెట్టు ఎవరు పెడతారు? శాలువా కప్పి, పళ్లెంలో కొబ్బరికాయ పెట్టి ఇస్తే దానికి రసీదు ఉంటుందా?

నేను వచ్చింది ఓ-1బి మీద. అది గ్రీన్ కార్డు కాదు, తాత్కాలిక వీసా, ఒకసారికి మూడేళ్ల దాకా ఇస్తారు. కళలకి అందులో కొలత కొంచెం దిగువన ఉంటుంది, శిఖరాన ఉండక్కర్లేదు, మామూలు స్థాయిని బాగా దాటిన గుర్తింపు ఉంటే చాలు. దానికి మాత్రం ఇక్కడ ఒక సంస్థ గానీ ఏజెంటు గానీ మీ తరఫున వెయ్యాలి, చెయ్యబోయే కార్యక్రమాల ఒప్పందాలు చూపాలి, మీ రంగంలోని సంఘం నుంచి అభిప్రాయ లేఖ తేవాలి. ఇంకోటి పీ-3, ఒక సంస్కృతికే ప్రత్యేకమైన కళని ప్రదర్శించడానికి, నేర్పడానికి ఏడాది దాకా. మీ డాలస్ వాళ్లు ఒక రిజిస్టరైన సంస్థగా ఉంటే, వేసవికి మీకు ఇది సరిగ్గా సరిపోతుంది.

వేసవి ప్రయాణం గురించి అడిగారు కదా, అసలు ప్రమాదం అక్కడుంది. విజిటర్ వీసా మీద వచ్చి డబ్బు తీసుకుని కచేరీలు, పాఠాలు చెయ్యకూడదు. ఆ వీసా ఫారంలో, మీ పేరు మీద ఎప్పుడైనా ఇమ్మిగ్రెంట్ పిటిషన్ వేశారా అని ఒక ప్రశ్న ఉంటుంది. ఇప్పుడు బలం లేని ఐ-140 వేసి అది పోయిందనుకోండి, రేపు వీసా ఇంటర్వ్యూ కిటికీ దగ్గర "రెండు నెలల్లో తిరిగొచ్చేస్తాను" అంటే ఎవరు నమ్ముతారు? మా గురువుగారి ఇంకో శిష్యురాలికి సరిగ్గా ఇదే అయింది.

---

పాలకొండ టు పిస్కాటవే:

అమ్మాయి సంగతి మర్చిపోయాను అక్కా. ఇది ముఖ్యం.

మీతో పాటు రావాలంటే పెళ్లికాని పిల్లలకి 21 నిండకూడదు. ఈబీ-1లో కూడా ఇండియా వాళ్లకి వరస ఉంది. ఏ తేదీ దాకా దరఖాస్తు వేసినవాళ్ల వంతు వచ్చిందో అక్కడి ప్రభుత్వం నెలనెలా వీసా బులెటిన్‌లో చెబుతుంది. 2025లో ఎక్కువ నెలలు అందులో మన తేదీ 2022 ఫిబ్రవరి దగ్గరే ఉండిపోయింది. దీని కింది కేటగిరీ ఈబీ-2 అయితే 2013 దగ్గర, దాంతో చూస్తే ఇది స్వర్గమే. కానీ ఆ లెక్కన మీరు ఈరోజు వేసినా మూడేళ్ల పైమాటే. అమ్మాయి అంచు మీద ఉంటుంది. మీ వంతు వచ్చిన రోజు తన వయసులోంచి మీ ఐ-140 పెండింగులో ఉన్న రోజులు తీసేస్తారు. అందుకని పిల్లలు 21కి దగ్గరగా ఉన్నవాళ్లు ప్రీమియం కట్టకుండా కావాలనే మామూలుగా వేస్తారు, ఎన్ని నెలలు నానితే అన్ని నెలలు కలిసొస్తాయి. త్వరగా అవ్వాలని డబ్బు కట్టి, పదిహేను రోజుల్లో అప్రూవల్ తెచ్చుకుని, తర్వాత వయసు లెక్క దగ్గర తల పట్టుకున్నవాళ్లని చూశాను. కన్సల్టెన్సీ ఆయన మీకు ప్రీమియం అన్నాడా?

---

కంటోన్మెంట్ వీణ:

అన్నాడు తమ్ముడూ. "అందరూ ప్రీమియమే వేస్తారు మేడమ్" అన్నాడు. అమ్మాయి వయసు అడగనేలేదు.

అందరికీ చేతులెత్తి దండం. బి-హై మాట చదివినప్పుడు గుచ్చుకుంది, అబద్ధం చెప్పను. లేచి వెళ్లి కాసేపు భైరవి వాయించుకుని మళ్లీ వచ్చి చదివాను. నిజమే. ఏ గ్రేడు ఆడిషన్‌కి ఆరేళ్లుగా వెళ్లాలి వెళ్లాలి అనుకుంటూ వాయిదా వేస్తున్నది నేనే. బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారానికి 40 ఏళ్ల హద్దు, అదీ దాటిపోయింది.

14 లక్షల ఆయనకి వద్దని మెసేజ్ పెట్టాను. ప్యాకేజీ 11కి తగ్గించాడు. డాలస్ వాళ్లకి పీ-3 గురించి రాశాను, వాళ్లది రిజిస్టరైన సంస్థేనట.

కాగితాలు మాత్రం సర్దుతున్నాను, ఎప్పటికైనా కావాలి కదా. ట్రంకు పెట్టె తీశాను. కలరా ఉండల వాసనకి ఇల్లంతా తుమ్ములు. ఇక్కడొక చిక్కు. మా అమ్మ చీరల ఫాల్ కుట్టే కత్తెరతో ఫొటో, విషయం ఎంతవరకో అంతవరకే అంచులు నున్నగా కత్తిరించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టింది. తేదీ లేదు, పేజీ లేదు, చాలావాటికి పేపరు పేరు కూడా లేదు. మంచి వార్త ఒక్కటుంది, అర పేజీ, నా ఫొటోతో, నా బాణీ గురించి, గురువుగారి గురించి, రాసినాయన పేరుతో సహా. కార్తీకంలో కచేరీ అని ఉంది, ఏ సంవత్సరమో లేదు. అమ్మని అడిగితే "తుపాను వచ్చిన ఏడు" అంటుంది. హుద్‌హుద్ అయ్యుంటుంది, అంటే 2014.

---

వంశధార గట్టు:

వెనక్కి తిప్పి చూడండి అమ్మా. వెనకవైపు ఏదో ఒకటి అచ్చై ఉంటుంది కదా.

---

కంటోన్మెంట్ వీణ:

తిప్పాను బాబూ. సగం సినిమా ప్రకటన, హీరో భుజం ఒక్కటే ఉంది. మిగతా సగంలో ఒక వార్త నిలువునా తెగిపోయింది. "...లిన కొబ్బరి చెట్ల లెక్క", కింద "ఉద్దానం రైతు...", ఆ కింద "పరిహారం అందని..." అంతే.

---

వంశధార గట్టు:

అయితే అది హుద్‌హుద్ కాదు. కొబ్బరి చెట్లు, ఉద్దానం అంటే తిత్లీ తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల పలాస దగ్గర తీరం దాటింది. మాది వజ్రపుకొత్తూరు వైపు, మా తోటలో నూటికి తొంభై చెట్లు పోయాయి, నాకు ఆ లెక్కలు బాగా తెలుసు. ఆ ఏడు కార్తీకం దీపావళి మర్నాటి నుంచి, అంటే నవంబరు రెండో వారం నుంచి డిసెంబరు మొదటి వారం దాకా. నెల రోజుల పేపర్లు వెతికితే చాలు.

ఇంకో మాట. ఉద్దానం మా శ్రీకాకుళం జిల్లాది, విజయనగరం జిల్లా పేజీల్లో ఆ వార్త ఎందుకు వేస్తారు? అది జిల్లా అనుబంధం కాదు, మెయిన్ పేపరు అయ్యుండాలి.

---

పాలకొండ టు పిస్కాటవే:

అక్కా, అదే నిజమైతే ఆ ఒక్క కటింగు మిగతా పంతొమ్మిదిటికి సమానం. జిల్లా అనుబంధం వేరు, రాష్ట్రమంతా వెళ్లే పేజీ వేరు. తేదీ దొరికాక మొత్తం పేజీ, పైన పేపరు పేరు కనిపించేలా ఫొటో తీయించండి. ఆ ఏడాది సర్క్యులేషన్ లెక్క కూడా సంపాదించండి. ఆడిషన్‌కి మాత్రం ఈసారి వెళ్లండి.

---

కంటోన్మెంట్ వీణ:

జిల్లా గ్రంథాలయంలో పాత పేపర్ల కట్టలు ఉంటాయని మా ఆయన అంటున్నారు. రేపే వెళ్దామనుకుంటున్నాను.

---

వంశధార గట్టు:

రేపు శుక్రవారం, గ్రంథాలయం సెలవు. శనివారం వెళ్లండి. మాస్టారు గారిని కూడా తీసుకెళ్లండి, ఆ కట్టలు బరువుంటాయి.